గజమా, మీటరా

మొన్న జగిత్యాల బైపాస్ కాడ ప్లాటు చూద్దాం రమ్మంటే మా తోడల్లుని ఎంబడి పోయిన. ప్లాట్లు అమ్మేటాయన ఎండల నిలబడి చెయ్యి ఊపుకుంట "గీ మూలకెల్లి గా మూల దాంక నలభై" అన్నడు. నా నోట్లెకెల్లి మాట దానంతట అదే ఎల్లింది.

"నలభై గజాలా, మీటర్లా?"

"అడుగులు అన్నా" అన్నడాయన. అందరు నవ్విన్రు. పక్కపొంటి కోరుట్ల ముసలాయన ఒకాయన ఉండె. ఆయన మాత్రం నవ్వలే. నన్ను కిందికెల్లి మీది దాంక చూసిండు.

"గా మాట మా షికారి సారుది గదనే. నీకెట్ల అంటుకుంది? పాపం, ఆయన పోయిండు. నెల దాటింది."

నేను స్కూటర్ మీద కూలబడ్డ. అబద్ధమెందుకు, ముందుగాల నాకు దుఃఖం రాలే. అనుమానం వచ్చింది. పోయేటప్పుడు ఎవలికన్న చెప్పి పోయిండా? ఆరేండ్ల సంది కడుపుల పెట్టుకున్న ముచ్చట ఆయనకొక్కనికే ఎర్క. ఆయన పోతె నాకు పానం నిమ్మలం కావాలె. కాలే.

నా సంగతి జర చెప్తె గాని ఆయన సంగతి సమజ్ కాదు. నాది సిరిసిల్ల. మా నాయిన చేతిమగ్గం నేసిండు, నేను మరమగ్గం నడిపిన. రుద్రంగికి ఇల్లరికం వచ్చిన. మా మామ మగ్గం ఇడిసిపెట్టి కొన్న రెండెకరాలు నా చేతికొచ్చినయి. ఆనుకొని ఉన్నది మా బావది, అంటె నా భార్య పెద్దనాయిన కొడుకుది. ఇద్దరి నడుమ ఒక హద్దు రాయి. అది వాళ్ల దిక్కు జరిగిందని ఆయన, మా దిక్కు జరిగిందని నేను. సర్వేయర్ను పిలిచి కొలిపిద్దామని ఊరంత చెప్పింది. నేను ఒప్పుకోలే. ఎందుకంటె కొలిస్తె ఎటు తేలుతదో నాకు లోపట్ల భయం. ఇల్లరికపోనికి ఊళ్లె నిలబడే జాగ గా రెండెకరాలే. అందులకెల్లి ఒక్క సాలు పోయినా నేను పోయినట్టే. గందుకె నేను ఎవల్ని నమ్మకపోయేది. నా మీద ఎవలన్న నవ్వితె దాని ఎనుక ఏం మతలబు ఉందో అని మూడొద్దులు ఆలోచించేది.

గా ఏడు అడివిపందులు మక్కచేండ్లను మస్తు ఆగం చేసినయి. గుట్ట దిగి, కాలువ కట్ట దాటి, మా బావ చెల్క మీదికెల్లి నా మక్కల పడేటియి. పంచాయితీల తీర్మానం రాసిన్రు, పర్మిషన్ ఉన్న షికారిని పిలవాలని. కాయితం పట్టుకొని కోరుట్లకు నన్ను తోలిన్రు. నా చేనే ముందుంది గద.

ఆయన ఫౌజుల చేసి వచ్చిన మనిషి. సన్నగ, నిటారుగ, మీసం కత్తిరించి. వాకిట్ల గోడకు ఈపు ఆనిచ్చి కూసున్నడు. తలుపు దిక్కు ఈపు పెట్టి కూసునుడు నేను ఏనాడు చూడలే. కాయితం అటు తిప్పి ఇటు తిప్పి చదివిండు, సర్పంచ్ ముద్రను గోటితోని గీకి చూసిండు. "రుద్రంగి ఎంత దూరం?" అన్నడు.

"గంట తొవ్వ సారు."

"గంట దూరం కాదు తమ్మీ, గంట గంటే. ఎన్ని గజాలా, మీటర్లా, గది చెప్పు."

వాళ్ల ఇంటామె చాయ్ తెచ్చింది. ఆయన తన గిలాస ముట్టలే. నేను ఒక గుటక ఏసినంక నా ముఖం జర సేపు చూసి, అప్పుడు తాగిండు. సొంత పెండ్లాం పెట్టిన చాయ్. నాకంటె పెద్దోడు దొరికిండు అనుకున్న.

ఇంకో అలవాటు ఉండె. ఒక్క ప్రశ్న రెండు సార్లు అడుగుతడు, గంట ఎడంతోని. రెండు జవాబులు కలిస్తెనే నోటుబుక్కుల రాసుకుంటడు. గా బుక్కు పాలితీన్ కవర్ల చుట్టి అంగి జేబుల ఉంటది. రాసేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంటడు, పరీక్షల పక్కపోనికి చూపియ్యని పోరగాని తీరుగ.

గా దినమే ఆయనకు పార్శిల్ వచ్చింది. రైఫిల్ మీద పెట్టే దుర్బిని. స్కోప్ అంటరు. పాత స్కోప్ మినిట్లదట, కొత్తది మిల్లులది తెప్పించుకున్నడు. "మిల్లుదా? మాది మిల్లు కాదు సారు, ఇంట్ల నాలుగు మరమగ్గాలు" అన్న. ఆయన నవ్విండు. ఆయన నవ్వుడు నేను చూసింది గదొక్కసారే.

తరువాత నేల మీద పుల్లతోని గీసి చెప్పిండు. "మన కన్ను కాడికెల్లి రెండు గీతలు పోతయి అనుకో. పోను పోను ఎడం అయితయి. ఆ ఎడాన్ని కొలిచే భాషలు రెండున్నయి. మినిట్ అంటె వంద గజాల కాడ ఒక అంగుళం. మిల్లు అంటె వెయ్యి మీటర్ల కాడ ఒక మీటరు. వంద మీటర్ల కాడ పది సెంటీమీటర్లు. నీకు ఏది మంచిగనిపిస్తది?"

"అంగుళమే సారు. చేతికి అలవాటు."

"అందరు గదే అంటరు. కని అది బరాబర్ అంగుళం కాదు. అంగుళం మీద ఇంత చిటికెడు ఉంటది. అందరు ఆ చిటికెడు ఇడిసిపెడుతరు. నాకు ఆ చిటికెడు మీదనే అనుమానం."

డబ్బ ఇప్పి, అద్దంల కన్ను పెట్టి, మీది గిరకను టిక్కు టిక్కున తిప్పిండు. తిప్పుకుంట తిప్పుకుంట ఆగిండు. ముఖం మాడిపోయింది. లోపటి గీతలు మిల్లులల్ల ఉన్నయట, గిరక మీది నంబర్లు మినిట్లల్ల ఉన్నయట.

"గీతలొక భాష, గిరకొక భాష. కన్ను మూడు అంటె చెయ్యి పది తిప్పాలె. నడుమ లెక్క నేను కట్టుకోవాలె. గింత పెద్ద మోసం చిన్న డబ్బల పెట్టి తోలిండు" అన్నడు, మళ్ల మూత పెట్టుకుంట.

"సారు, మా మగ్గం మీద గూడ రెండు నడుస్తయి" అన్న. "పోగులు అంగుళానికి ఇన్ని అని చూస్తం. తాను మాత్రం మీటర్లల్ల కోస్తం."

ఆయన మూత పెట్టుడు ఆపి నన్ను చూసిండు. "గందుకేనా మీ అంగీలు ఉతికితె పొట్టిగైతయి?" అన్నడు. పరాచికమో నిజమో ఆయన ముఖం మీద తెల్వది. గంటసేపయినంక బండి ఎక్కుతుంటె మళ్ల అడిగిండు, "తాను మీటర్లల్లనే అన్నవు గద?" అవునన్న. బుక్కు తీసి రాసుకున్నడు.

గా స్కోప్ వాపస్ తోలిండు. గీతలు, గిరక రెండు మిల్లులే ఉన్నది వచ్చే దాంక కదలలే. మా మక్కలు ఇంకో వారం పందుల పాలయినయి. ఊళ్లె తిట్టిన్రు. "ఏదో ఒకటి పెట్టి కొట్టరాదుండ్రి సారు" అని ఫోన్ల నేనే అన్న. "మినిట్ల మాట నమ్మాల్నంటె దూరం ఎవలన్న చెప్పాలె తమ్మీ" అన్నడు. "మిల్లు ఎవల్ని అడుగది. మీటరు పొడుగు కట్టె అద్దంల ఎంత కనవడుతదో చూస్తె, ఎంత దూరముందో అదే చెప్తది. మనుషుల మాట మీద తుపాకి పేల్చుడు నాతోని కాదు." నాకు సగమే సమజైంది. మిగిలిన సగం తరువాత సమజైంది, కాకుంటె బాగుండు.

ఆయన రుద్రంగికి వచ్చిన దినం నేను సిరిసిల్లల ఉన్న, మా నాయిన సంవత్సరీకానికి. రెండొద్దులకు వచ్చి చూస్తె నా మంచె కాడికెల్లి కాలువ కట్ట దాంక సూటిగ మూడు కట్టెలు పాతి ఉన్నయి. మీది భాగం తెల్ల రంగు, దాని మీద నూరు, రెండు నూర్లు, మూడు నూర్లు అని నంబర్లు. మొదటిది మా బావ హద్దు దాటి కొంచెం దూరంల.

"ఎవలు పాతిన్రు?" అన్న నా భార్యతోని.

"షికారి సారు. పొద్దంత కొలిచిండు. టేపు అన్న పట్టుకున్నడు."

అన్న అంటె మా బావ. టేపు ఆయన పట్టుకున్నడంటె ఇంకేముంది? పందుల పేరు చెప్పి కొలతగాన్ని దించిండు. నేను ఊళ్లె లేంది చూసి హద్దు తేల్చిండు. రేపు గా బుక్కు పంచాయితీల పెడుతడు. గింతే నా మతికి తోచింది. ఎవల్ని అడుగలే. పొద్దుగూకేటాల్లకు మూడు కట్టెలు పీకి మక్కల పారేసిన.

నా భార్య చూసి నెత్తి కొట్టుకుంది. "సర్కారు పనికి వచ్చినాయన కట్టెలు. కేసు పెడితె? రేపు పొద్దుగాల ఆయన రాకముందే ఏడియి ఆడ పెట్టు" అంది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. పెడుదామని తెల్లారి పోతె మా బావ ట్రాక్టర్ పెట్టి చెల్క దున్నిచ్చిండు. గుంతలు మన్నుల కలిసినయి. షికారి సారు గా దినం పెగడపల్లి పోయిండు, గది ఒక్కటే నా అదృష్టం.

ఇంట్ల అటక మీద మా నాయిన గజం బద్ద ఉంది. ఇత్తడి పొన్ను తొడిగింది. చీరెలు కొలిచీ కొలిచీ చేతి చెమటకు నల్లగైంది. గా బద్దతోని పది గజాల తాడు కొలుచుకున్న. మంచె కాడికెల్లి పది సార్లు ఏసి నూరు కట్టె, ఇంకో పది ఏసి రెండు నూర్లు, ఇంకో పది ఏసి మూడు నూర్లు. తెల్ల రంగు ఏడిదాంక ఉందో ఆడిదాంకనే మన్ను తొక్కిన. తాడు పట్టి సూటిగ చూసుకున్న. మొదటి కట్టె హద్దుకు జర దగ్గర, మూడోది కట్టకు ఇవుతల పడ్డట్టు అనిపించింది. కని గజం బద్ద అబద్ధం చెప్తదా? లోకంల అందరి మీద అనుమానపడ్డ నేను మా నాయిన బద్ద మీద మాత్రం పడలే. ఆయన నూరు అని రాసింది మీటర్లని నా బుర్రకు తట్టనే లేదు. కోరుట్లల గంట సేపు చెప్పిండు, అయినా తట్టలే.

మర్నాడు పొద్దుగాల, ఇంక ఎండ రాకముందు, మంచె మీద ఆయన, ఆయన పక్కకు నేను. మూడు నూర్ల కట్టె అవుతల కాలువ కట్ట. కట్ట అవుతలికెల్లి ఎక్కి దిగి పంది కట్టె పక్కకు నిలబడ్డది. అంత పెద్దది నేను చూడలే. దాని ఎనుక కట్ట మన్ను ఉంది. దాని ఈపు మీద మాత్రం కట్ట ఒక జానెడే మిగిలింది, ఆ మీద ఉత్త ఆకాశం.

ఆయన గిరక తిప్పిండు. కన్ను పెట్టిండు. నేను చెవులు మూసుకున్న. పేలుడు రాలే. ఆయన తుపాకిని పందికెల్లి కట్టె మీదికి జరిపిండు. తరువాత రెండు నూర్ల కట్టె, తరువాత నూరు. మళ్ల మూడు నూర్లకు పోయిండు. పంది గంత సేపు నిలబడ్డది, మమ్ముల చూసి ఎక్కిరించినట్టు. ఇంక మూడు వచ్చి దాని ఎంబడి దిగినయి. అన్ని కలిసి మక్కల పడ్డయి. కర్రలు ఫట ఫట ఇరిగినయి.

"కొట్టరాదుండ్రి సారు."

ఆయన తూటా బయిటికి తీసి జేబుల ఏసుకున్నడు. "కట్టెలు ఎవలు జరిపిన్రు తమ్మీ?"

"నాకేం ఎర్క సారు."

"కట్టెకు తెల్ల రంగు సరిగ్గ మీటరు. మూడు నూర్ల కాడ అది అద్దంల మూడు గీతలు, ఇంత ముక్క అందాలె. ఇయ్యాల మూడున్నర దాటి అందుతుంది. కట్టె పెరుగది గద. అంటె భూమే దగ్గరికొచ్చింది. నేను కట్టెను నమ్మి గిరక తిప్పితె తూటా జానెడు మీదికెల్లి పోతుండె."

గదే మాట మీద ఉన్నం. కట్ట మీద, పంది నిలబడ్డ జాగకు సరిగ్గ మీద, ఒక తల లేసింది. తరువాత భుజాలు. చేతుల చాయ్ ఫ్లాస్కు. నా భార్య. పొద్దంత కాపలా ఉంటమని రోజు కట్ట అవుతలి బాటకెల్లి చాయ్ తెచ్చేది.

ఆమె మంచె కాడికి వచ్చి గిలాసలల్ల పోసింది. నేను గిలాస అందుకుంట చాయ్ తొడ మీద పోసుకున్న. ఆయన ఎప్పటి లెక్కనే నేను తాగే దాంక ఆగిండు, తరువాత తాను తాగిండు. "బిడ్డా, చక్కెర ఎక్కువైంది" అన్నడు. ఆమెతోని ఇంకేం అనలే.

గంట గడిచినంక, మంచె దిగుతుంటె, మళ్ల అడిగిండు. "కట్టెలు ఎవలు జరిపిన్రు?"

"నాకేం ఎర్క సారు."

రెండు సార్లు ఒక్క తీరుగనే చెప్పిన. ఆయన లెక్క ప్రకారం అది రాసుకోవాలె. బుక్కు తీయలే.

గా దినమే పంచాయితీ కాడ అందరు గుమిగూడిన్రు. పంది ఎదురుంగ నిలబడితె కొట్టలేదని ఊరంత మండిపడ్డది. మా బావ "గుడ్డోన్ని తోలుకచ్చిన్రు" అన్నడు. సర్పంచ్ "ఏమైంది సారు, చెప్పుండ్రి" అని అడిగిండు. నేను అరుగు చివరకు కూసొని నేల చూస్తున్న. ఇగ చెప్తడు, కట్టెలు జరిపిన్రని చెప్తడు, ఎవలు అని అడుగుతరు, మా బావ నా దిక్కు వేలు చూపెడుతడు. హద్దు రాయి జరిపింది గూడ నేనే అంటరు. రెండెకరాలు పోతయి.

"కన్ను మసక కొట్టింది" అన్నడాయన. "ఇగ నాతోని కాదు."

అంతే. సర్పంచ్ అదే మాట కాయితం మీద రాసి పైకి తోలిండు. షికారీల జాబితలకెల్లి ఆయన పేరు తీసేసిన్రు. రైఫిల్ కోరుట్ల పోలీస్ స్టేషన్ల జమ చేసిండని తరువాత తెలిసింది. రాయికల్ దాంక ఆయన పేరు గుడ్డి షికారి అయింది. నేను నోరు తెరువలే. ఒక్క మాట చెప్తె ఆయన పేరు నిలబడుతుండె. చెప్పలే.

సిగ్గుపడాలె గద. పడ్డ. కని దానికంటె ఎక్కువ అనుమానపడ్డ. నన్ను ఎందుకు కాపాడిండు? నా కాడికెల్లి ఏం కావాలె? రేపు వచ్చి ఏం అడుగుతడు? కోరుట్ల బస్సు ఆగితె ఆయనేనేమో అని చూసేది. ఆరేండ్లు చూసిన. ఆయన రాలే. ఏం అడుగలే. ఏం అడుగకపోవుడే నాకు ఇంక పెద్ద మతలబు తీరు కొట్టింది.

జగిత్యాలల గా మాట ఇన్నంక నిద్ర పట్టలే. తెల్లారి కోరుట్ల పోయిన. వాళ్ల ఇంటామె గుర్తు పట్టింది. కూసోమంది. చాయ్ ఇచ్చింది. నా గిలాస చూసుకుంట కూసున్న, ముందు ఎవలు తాగుతరా అని. తాగేటోడు లేడు.

"రుద్రంగి తమ్మివి గద?" అంది. లోపటికి పోయి ఒక కట్టె తెచ్చింది. మూడు నూర్ల కట్టె. గా దినం ఆయనే పీకి తెచ్చుకున్నట్టుంది, తెల్ల రంగు పచ్చబడ్డది. నంబరు పక్కకు ఆయన రాతల, పెన్సిల్‌తోని, ఒక్క మాట. గజం.

"గా దినం ఇంటికి రాంగనే లెక్క కట్టిండు" అంది. "నాకు చెప్పిండు. మోసం చేసేటోడైతె ఒక్కొక్క కట్టె ఒక్కొక్క తీరు తప్పు. మూడు కట్టెలు ఒక్క లెక్కన తప్పినయి. గజం బద్ద పెట్టి కొలిచిండు. భయపడ్డోడు నిజాయితీగ చేసిన పని, అన్నడు."

"ఎవలని చెప్పిండా అమ్మా?"

"పేరు చెప్పలే. బట్ట నేస్తడు అన్నడు." ఆమె నా చేతుల దిక్కు చూసింది. "అడిగిన నేను. మరి గా మాట పంచాయితీల చెప్పకపోయినవా అని. గజం అంటె ఊళ్లె ఎవలని తెలిసిపోతది అన్నడు."

నేను ఏడ్చిన. ఆమె ముంగట, పరాయి ఇంట్ల, చెంపలు తుడుచుకోకుంట ఏడ్చిన. లోకంల ఎవల్ని నమ్మని మనిషి నన్ను నమ్మిండు. నేను ఆయనను చచ్చే దాంక అనుమానపడ్డ.

కట్టె అడిగి తెచ్చుకున్న. బస్సు దిగి సీదా హోటల్ కాడికి పోయిన. నలుగురు కూసున్నరు, మా బావ గూడ ఉన్నడు. "మన గుడ్డి షికారి పోయిండట గద" అన్నడు, నన్ను చూసి.

"గుడ్డోడు కాదు" అన్న. "కట్టెలు జరిపింది నేను. ఆయన చూసి పట్టిండు. కొడితె నీ చెల్లెకు తాకుతుండె. గందుకె కొట్టలే."

మా బావ నన్ను, నా చేతుల కట్టెను చూసిండు. ఇరవై ఏండ్ల సంది నేను భయపడ్డ మాట నిమ్మలంగ ఎల్లింది.

"అయితె హద్దు రాయి గూడ నువ్వే జరిపినవన్నట్టు."

"కొలుద్దాం పా బావా" అన్న. "మీటర్లల్లనే. టేపు నువ్వే పట్టు."